ఒక మిల్లీమీటరు కుడికి

కొత్త జిల్లాలు ఏర్పడిన ఏడాది చలికాలంలో నన్ను ఆర్మరర్ హెడ్ కానిస్టేబుల్‌గా పటాన్‌చెరుకూ సంగారెడ్డికీ మధ్య ఉన్న ఒక సాయుధ పోలీసు విభాగానికి పంపారు. విభాగం పేరు, అధికారుల పేర్లు రాయను. రాస్తే పెన్షన్ ఆగదు గానీ పెళ్లిళ్లలో పలకరింపులు ఆగుతాయి. అందుకే ఇక్కడ కనిపించే పేర్లన్నీ నేను మార్చి పెట్టినవే.

ఆర్మరర్ అంటే ఆయుధాలు బాగుచేసేవాడు. అమీన్‌పూర్‌లో మా అపార్ట్‌మెంట్‌లో ఉండే ఐటీ ఉద్యోగులు అనుకుంటున్నట్టు ఆయుధాలతో తిరిగేవాడు కాదు. ముప్పై రెండేళ్ల సర్వీసులో నేను మనిషి మీద ఒక్క తూటా కాల్చలేదు. తుపాకులకు నూనె పెట్టాను, స్ప్రింగులు మార్చాను, వానాకాలంలో తుప్పు గీకాను, పనిచేయడం లేదని అధికారులు తెచ్చిన పిస్టల్‌కు సేఫ్టీ మీట తీసి తిరిగి ఇచ్చాను. ఈ చివరి పని అన్నిటికంటే ఎక్కువసార్లు చేశాను.

ఆ విభాగం ఆయుధాగారంలో తొమ్మిది ఎంఎం పొట్టి పిస్టళ్లు కొన్ని ఉండేవి. మామూలు పిస్టల్ కంటే గొట్టమూ చిన్నది, పిడీ చిన్నది. మఫ్టీలో చొక్కా కింద నడుముకు పెట్టుకుంటే కనిపించదు. అందుకని ప్రతి అధికారీ అదే కావాలనేవాడు. దానితో సూటిగా కొట్టడం మాత్రం పెద్ద పిస్టల్ కంటే కష్టం. గురి చూసేటప్పుడు గొట్టం కొసన ఉన్న ముందు సైటును, కంటి వైపున్న వెనక సైటు గాడిలో నిలబెట్టి చూస్తాం. ఈ రెండు సైట్ల మధ్య దూరం ఎంత తక్కువైతే చెయ్యి కదిలినప్పుడు టార్గెట్ మీద తేడా అంత పెరుగుతుంది. మా పిస్టల్‌కు ఆ దూరం నూట యాభై మిల్లీమీటర్లు. టార్గెట్ పదిహేను మీటర్ల దూరంలో ఉంటే, సైటు దగ్గర ఒక్క మిల్లీమీటరు తేడా అక్కడికి పోయేసరికి పది సెంటీమీటర్లవుతుంది. ఈ లెక్క వేయడానికి మూడో తరగతి చాలు. నా కథంతా ఆ ఒక్క మిల్లీమీటరు గురించే.

అప్పటి మా డీఎస్పీని అందరం పెద్దసారు అనేవాళ్లం. ఆయనకు ఫైరింగ్ మీద చాలా గొప్ప అభిప్రాయం ఉండేది, అంటే తన ఫైరింగ్ మీద. ఏడాదికోసారి అధికారులంతా రేంజిలో సగం సైజు మనిషి బొమ్మ గీసిన టార్గెట్ మీద పది తూటాలు కాల్చి అర్హత సంపాదించుకోవాలి. ఆ ఏడు పెద్దసారు కాల్చిన పది తూటాలూ బొమ్మకు ఎడమ పక్కన కిందికి పోయాయి. బొమ్మ ప్రాణమున్న మనిషైతే ఒక కాలు కుంటుకుంటూ ఇంటికి పోయేవాడు. పెద్దసారు పిస్టల్ నా చేతిలో పెట్టి, ఇది ఎడమకు కొడుతోంది, చూడు అన్నారు.

పిస్టల్ తేడాగా కొడుతోందని ఫిర్యాదు వస్తే మాకొక పద్ధతి ఉంది. ముందు గొట్టం, సైట్లు, లోపలి భాగాలు చూడాలి. తర్వాత ఇసుక సంచి మీద పిస్టల్‌ను ఆనించి, ఒకే రకం తూటాలతో, ఇద్దరు వేర్వేరు మనుషులు అయిదేసి కాల్చాలి. ఇద్దరి తూటాలూ ఒకేచోట గుంపుగా పడి, ఆ గుంపు పక్కకు పోతే తప్పు సైటుది. నేను అయిదు కాల్చాను. నాతోపాటు పనిచేసే కానిస్టేబుల్ యాదగిరి అయిదు కాల్చాడు. పదీ బొమ్మ ఛాతీ మధ్యలో పడ్డాయి. ఒక చాయ్ గ్లాసు బోర్లిస్తే అన్నీ దాని కింద దాగేవి.

అంటే పిస్టల్ బాగానే ఉంది. పెద్దసారుకు ఉన్నది బెదురు. తుపాకి పేలబోయే క్షణానికి ముందే శబ్దానికి భయపడి చేతిని ముందుకు తోసేయడాన్ని మేము బెదురు అంటాం. కుడిచేతి వాటం వాళ్లకు దానివల్ల తూటా ఎడమకు, కిందికి పోతుంది. సిగ్గుపడాల్సిన విషయం కాదు, చాలామందికి ఉంటుంది, సాధనతో పోతుంది. అయితే ఈ మాట పెద్దసారుకు ఎవరు చెప్పాలి? నేను మా రిజర్వ్ ఇన్‌స్పెక్టర్ ఖదీర్ సారు దగ్గరికి పోయాను. ఆయుధాగారం ఆయన చేతి కింద ఉంటుంది. ఆయన నేను తెచ్చిన టార్గెట్ కాగితం చూశారు, నన్ను చూశారు.

"పిస్టల్ మంచిగనే ఉంది, మీకే బెదురుంది సార్ అని చెప్పే ధైర్యం నీకుంటే పోయి చెప్పు మల్లేశం. నాకు ఇద్దరు పిల్లలున్నరు."

నాకు ముగ్గురు. కాబట్టి నేను సుత్తి తీశాను.

వెనక సైటు ఒక గాడిలో బిగుతుగా కూర్చుని ఉంటుంది. ఇత్తడి కడ్డీ ఆనించి చిన్న సుత్తితో తడితే పక్కకు జరుగుతుంది. తూటా ఎటు పోవాలనుకుంటామో వెనక సైటును అటే జరపాలి. పెద్దసారు తూటాలు పది సెంటీమీటర్లు ఎడమకు పోతున్నాయి కనుక ఒక మిల్లీమీటరు కుడికి జరిపాను. ముందు సైటు సంగతి వేరు. దాని ఎత్తు తగ్గిస్తే తూటా పైకి పోతుంది. ఆకురాయితో ఒక మిల్లీమీటరు అరగదీసి, మెరుపు కనబడకుండా నల్లరంగు పూశాను. అరగంట పని. చాలా నీటుగా వచ్చింది. ఆ సంగతి ఇప్పుడు చెప్పడానికి బాగుండదు గానీ నిజం.

ప్రతి ఆయుధానికీ ఒక చరిత్ర పత్రం ఉంటుంది. ఏ మరమ్మతు చేసినా అందులో తేదీ, కారణం రాసి సంతకం పెట్టాలి. నేను రాయలేదు. కారణం గడిలో 'సారుకు బెదురు' అని రాసే తెగువ ఉంటే అసలు ఆకురాయే పట్టేవాణ్ని కాదు.

మరుసటి వారం పెద్దసారు మళ్లీ కాల్చారు. పదిలో ఎనిమిది ఛాతీలో పడ్డాయి. శామియానా కింద కొబ్బరినీళ్లు తాగుతూ, ఆయుధం బాగుంటే మనిషి బాగుంటాడని అందరికీ చెప్పారు. నెల తిరక్కుండా నా సర్వీసు పుస్తకంలో, ఆయుధాల నిర్వహణలో నైపుణ్యం చూపినందుకు, ఒక ప్రశంస ఎక్కింది. నా ఉద్యోగ జీవితంలో అధికారికంగా నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే.

తర్వాత ఏడాది ఆయన అదనపు ఎస్పీ అయ్యారు. ఫైరింగ్ చేయడం మానేసి ఫైరింగ్ గురించి చెప్పడం మొదలుపెట్టారు. పిస్టల్ ఆయుధాగారానికి తిరిగి వచ్చింది. దాన్ని సరిచేద్దామనుకున్నాను. వెనక సైటును ఎప్పుడైనా వెనక్కి తట్టేయవచ్చు. అరగదీసిన ఇనుము మళ్లీ మొలవదు. ముందు సైటు కొత్తది కావాలంటే స్టోర్స్‌కు ఇండెంట్ పెట్టాలి, ఇండెంట్‌కు కారణం రాయాలి. అక్కడికొచ్చి ఆగిపోయాను. పిస్టల్‌ను అరలో పెట్టాను. ఆ తర్వాత నిజంగానే మరిచిపోయాను. మనకు అక్కరలేనివి మరిచిపోవడం ఎంత సులువో ఆశ్చర్యంగా ఉంటుంది.

రెండేళ్లకు స్వరూప వచ్చింది. కొత్తగా శిక్షణ ముగించుకుని పారిశ్రామికవాడలోని ఒక స్టేషన్‌లో చేరిన సబ్ ఇన్‌స్పెక్టర్. ఆ స్టేషన్లకు ఆయుధాలు మా దగ్గర నుంచే పోయేవి. ఊరు కంది దగ్గర. తండ్రి బొల్లారంలో ఒక మందుల కంపెనీలో బాయిలర్ దగ్గర షిఫ్టు డ్యూటీ చేసేవాడు, తల్లి నాట్లకు పోయేది. ప్రొబేషన్‌లో ఉంది. ఫైరింగ్‌లో అర్హత రాకపోతే ప్రొబేషన్ ముగియదు, ముగియకపోతే సీనియారిటీలో తన బ్యాచ్ వాళ్లందరి వెనక నిలబడాలి. ఆమెకు పిస్టల్ ఇచ్చిన రోజు నేను సెలవులో ఉన్నాను. యాదగిరి అరలోంచి చేతికందింది తీసి ఇచ్చాడు. ఏది అందిందో వేరే చెప్పనక్కరలేదు.

రేంజిలో ఆమె పది తూటాలు కాల్చింది. పదీ బొమ్మ కుడి భుజం పైన, ఖాళీ కాగితంలో పడ్డాయి. సున్నా. ఖదీర్ సారు టార్గెట్ చూసి, భుజం మీద ఈగ ఏమన్నా వాలిందా అమ్మా అని అడిగారు. చుట్టూ ఉన్న మగవాళ్లు హాయిగా నవ్వారు. పెద్దసారు శామియానాలోంచి లేచి వచ్చి, ఆడపిల్లలకు మణికట్టులో బలం ఉండదని, ట్రిగ్గర్‌ను లాగకూడదు నొక్కాలని పావుగంట చెప్పారు. ఆమె నిలబడి అంతా విన్నది. మధ్యాహ్నం ఇంకో అవకాశం ఇచ్చారు. మళ్లీ సున్నా. తర్వాతి శనివారం ఆఖరి అవకాశం అన్నారు.

నేను ఆ రోజు రేంజిలో తూటాలు లెక్కపెట్టి ఇచ్చే పనిలో ఉన్నాను. నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను.

సోమవారం పొద్దున ఆమె ఆయుధాగారం కిటికీ దగ్గరికి వచ్చింది. ర్యాంకులో నాకంటే పై అధికారి, అయినా వయసు చూసి అన్నా అనేది. కుడి మణికట్టుకు బట్ట కట్టుకుని ఉంది. రేంజి అయినప్పటినుంచి ఇసుక నింపిన సీసా పట్టుకుని చెయ్యి చాపి నిలబడిందట, బలం రావడానికి.

"మల్లేశన్నా, తుపాకిల ఏమన్న తేడా ఉందా జెర సూడు. నాదే తప్పనుకో, సాధన జేస్త. కని ఒక్కసారి సూడు."

పిస్టల్ తిప్పి పిడి మీద నంబర్ చూశాను. తర్వాత టార్గెట్ కాగితం చూశాను. పది రంధ్రాలూ అరచేతిలో పట్టేంత చోట పడ్డాయి, పది సెంటీమీటర్లు కుడికి, పది పైకి. ఇసుక సంచి లేకుండా అంత చిన్న గుంపు మా విభాగంలో ఇంకెవరూ కొట్టలేరు. శిక్షణ లేనివాళ్ల తూటాలు చెదిరిపోతాయి, ఇట్లా ఒకచోట కూర్చోవు. ఆ కాగితం రేంజిలో ముప్పై మంది చూశారు. ఈగ గురించి తప్ప ఎవరూ ఆలోచించలేదు.

ఆ క్షణంలో నిజం చెప్పానని రాసుకుంటే బాగుండేది. నేను చెప్పింది ఇది: మేడమ్, ఈ పిస్టల్ కొంచెం కుడికి, పైకి కొడుతుంది. శనివారం నాడు బొమ్మ ఛాతీ మీద కాకుండా ఎడమ పక్క పొట్ట మీద గురి పెట్టండి, అన్నీ మధ్యలో పడతాయి. చెప్పి, సమస్య తీరిపోయినట్టు పిస్టల్ కిటికీలోంచి ఆమె వైపు జరిపాను.

ఆమె తీసుకోలేదు.

"అంటే తుపాకి తేడా ఉన్నదని నీకు ఎరుకనా?"

ఎరుకే అన్నాను.

"గట్ల కొడితే శనివారం నేను పాసయిత. మరి డ్యూటీల? మా స్టేషన్ ముంగట షిఫ్టు ఇడిసినంక రోడ్డు నిండ మనుషులుంటరు. కంపెనీ బస్సులు, షేర్ ఆటోలు. మా నాయిన ముప్పై ఏండ్లు అదే బస్సుల వచ్చిండు. అక్కడ నేను తుపాకి తియ్యాల్నంటే, ఎవని పక్కన ఎంత దూరం సూడాల్నో లెక్క పెట్టుకుంట నిలవడాల్నా? నేను ఇంకో స్టేషన్‌కు పోయినంక ఇది పట్టుకునేటోనికి ఎవరు చెప్తరు, నువ్వా?"

ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు తేలికగా ఉండేది, కోపం తెచ్చుకోవడానికి ఒక వంక దొరికేది. నేను స్టూలు బయటికి లాగి కూర్చోమన్నాను. వెనక సైటు, ముందు సైటు, పెద్దసారు, ఆకురాయి, నల్లరంగు, అంతా చెప్పాను. ప్రశంస సంగతి కూడా చెప్పాను. అంతా విని ఆమె మణికట్టుకున్న బట్ట విప్పి కిటికీ చెక్క మీద పెట్టింది.

"శనివారం లోపట అయితదా?" అని మాత్రం అడిగింది.

అవుతుందన్నాను.

ఖదీర్ సారు విని మొదట తలుపు వేశారు. తర్వాత కుర్చీలో కూర్చున్నారు. "పరేషాన్ జేస్తున్నవు మల్లేశం" అన్నారు. వెనక సైటు ఒక్కటి తట్టి ఊరుకోవచ్చు కదా, కుడి ఎడమ సరిపోతే ఆ అమ్మాయి ఎట్లాగో పాసవుతుంది కదా అన్నారు. ముందు సైటు మార్చకపోతే పైకి పోతూనే ఉంటుందని, మార్చాలంటే కాగితం రాయక తప్పదని చెప్పాను. ఇండెంట్ పెడితే కొత్త సైటు ఎప్పుడొస్తుందో చెప్పలేం కనుక, మరమ్మతుకు పనికిరాదని పక్కన పెట్టిన ఒక పిస్టల్ నుంచి తీసి వాడుకోవడానికి ఆయన అనుమతి కావాలి. అది మౌఖికంగా కుదరదు. ఆయన పెన్ను తీశారు.

"రాసుకో. నీ పేరు రాసుకో. సారు పేరెందుకు? ఆయన సుత్తి పట్టిండా?"

అది నిజమే. సుత్తి పట్టింది నేనే. ఫలానా సంవత్సరంలో, ఎవరి రాతపూర్వక ఆదేశమూ లేకుండా, అప్పటి అధికారి చేతి అలవాటుకు అనుగుణంగా, వెనక సైటును ఒక మిల్లీమీటరు కుడికి జరిపి ముందు సైటును ఒక మిల్లీమీటరు అరగదీశానని, చరిత్ర పత్రంలో నమోదు చేయలేదని రాశాను. అప్పటి అధికారి ఎవరన్నది ఆయుధాలిచ్చే రిజిస్టర్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. నేను వేరే చెప్పలేదు.

ముందు సైటు మార్చి, వెనక సైటును పాత చోటికి తట్టాక పద్ధతి ప్రకారం ఇసుక సంచి మీద నేను అయిదు, యాదగిరి అయిదు కాల్చాం. గుంపు కొంచెం ఎడమకు వచ్చింది, ఒక వెంట్రుకవాసి తట్టాను. మళ్లీ కాల్చాం. మధ్యలో కూర్చుంది. ఈసారి తేదీ, కారణం, సంతకం అన్నీ రాశాను.

శనివారం పొద్దున రేంజికి పోయినసారి కంటే ఎక్కువమంది వచ్చారు. మా విభాగంలో ఫైల్ కంటే ముందు వార్త నడుస్తుంది. పెద్దసారు శామియానాలో కూర్చుని ఉన్నారు. నా కాగితం ఆయన టేబుల్ మీదికి శుక్రవారమే చేరింది. ఆయన చదివారో లేదో ఆ ముఖంలో తెలియలేదు.

స్వరూప కాల్చింది. తొమ్మిది ఛాతీ మధ్యలో, అన్నీ కలిసి ఒకే పెద్ద రంధ్రంలా పడ్డాయి. పదోది కొంచెం పక్కకు జారింది. అది మాత్రం ఆమె తప్పే, ముందు తొమ్మిదీ చూసుకుని సంతోషపడింది. ఖదీర్ సారు టార్గెట్ పైకెత్తి చూపించారు. ఎవరూ ఈగ ఊసెత్తలేదు.

అప్పుడు పెద్దసారు లేచి వచ్చి, ఇటివ్వు, నా పాత పిస్టలే కదా అన్నారు. ఆయన ఎందుకట్లా చేశారో నాకు ఇప్పటికీ తెలియదు. చేయకుండా ఉంటే ఎవరూ ఏమీ అనేవాళ్లు కారు. అయిదు తూటాలు నింపి ఇచ్చాను. అయిదూ ఎడమ కిందికి పోయాయి. ఆ బొమ్మ కూడా కుంటుతుంది.

 ఖదీర్ సారు, గాలి ఉన్నది సార్ అన్నారు. దూరంగా ఫ్యాక్టరీ చిమ్నీల పొగ కర్రలాగా నిటారుగా లేస్తోంది. పదిహేను మీటర్ల దూరానికి తుపానొచ్చినా తూటా అంత జరగదు. పెద్దసారు ఆ పొగ వైపు చూశారు. పిస్టల్ ఖాళీ చేసి, తూటా కూర్చునే గది తెరిచి చూపించి, పద్ధతిగా నా చేతికిచ్చారు. నాకు మాత్రమే వినబడేంత మెల్లగా అడిగారు.

"అప్పుడు నాకెందుకు చెప్పలేదయ్యా?"

 భయమైంది సార్ అన్నాను.

"నాకా, నీకా?" అన్నారాయన. అది ప్రశ్నో కాదో నాకు అర్థం కాలేదు. ఆయనే మళ్లీ, "ఇరవై ఏండ్ల నుంచి ఒక్కడు చెప్పలే" అని శామియానా వైపు నడిచారు.

సోమవారం నాకు మెమో వచ్చింది. పెద్దసారు సంతకమే. అనుమతి లేకుండా ప్రభుత్వ ఆయుధాన్ని మార్చినందుకు, నమోదు చేయనందుకు సంజాయిషీ అడిగారు. ఇచ్చాను. సెన్షూర్ అనే శిక్ష వేశారు, అంటే రాతపూర్వక అభిశంసన. దానివల్ల నా ఏఎస్సై పదోన్నతి ఒక ఏడాది వెనక్కి పోయింది. తుపాకిని పాడుచేసినందుకు వచ్చిన ప్రశంసను మాత్రం ఎవరూ రద్దు చేయలేదు. నా సర్వీసు పుస్తకంలో రెండూ ఉన్నాయి, ఒకే పిస్టల్ నంబర్‌తో.

మెమో ఇచ్చిన నెలలోనే పెద్దసారు ఒక ఆదివారం పొద్దున రేంజికి వచ్చి నన్ను పిలిపించారు. బెదురు పోగొట్టడానికి మాదొక చిట్కా ఉంది. అసలు తూటాల మధ్య ఒకటో రెండో ఉత్త తూటాలు కలిపి, ఏది ఎక్కడుందో చెప్పకుండా నింపి ఇస్తాం. ఉత్త తూటా వచ్చినప్పుడు చప్పుడుండదు, కాల్చినవాడి చెయ్యి మాత్రం దానంతటది కిందికి దిగడం వాడికే కనబడుతుంది. పెద్దసారు మొదటిసారి దాన్ని చూసుకుని, "అరె" అని మాత్రం అన్నారు. అట్లా ఏడెనిమిది ఆదివారాలు వచ్చారు. బెదురు సగం పోయింది. మిగతా సగంతో రిటైరయ్యారు.

స్వరూపకు ప్రొబేషన్ సకాలంలో ముగిసింది. ఆ పిస్టల్‌ను మూడేళ్లు వాడి, బదిలీ అయినప్పుడు తిరిగి ఇచ్చింది. ఇచ్చేముందు చరిత్ర పత్రం తెప్పించుకుని మొత్తం చదివింది. ఆ పని చేసిన అధికారిని నా సర్వీసులో ఇంకొకరిని చూడలేదు.

సర్వీసు చివరి మూడేళ్లు కొత్త ఆర్మరర్లకు శిక్షణ ఇచ్చే పని నాకు అప్పగించారు. సైట్ల పాఠం వచ్చినప్పుడు వాళ్లకు రెండు సంగతులు చెప్పేవాణ్ని. ఫిర్యాదు ఎంత పెద్ద అధికారి దగ్గర నుంచి వచ్చినా, ఇసుక సంచి మీద ఇద్దరు కాల్చి చూడనిదే సైటు ముట్టుకోకూడదు. చూశాక కదపాల్సి వస్తే, ముందు కారణం రాసి సంతకం పెట్టి, ఆ తర్వాత సుత్తి తీయాలి. ఆ కారణం రాయడానికి చెయ్యి రాలేదంటే, సైటు ఉండాల్సిన చోటే ఉందని అర్థం.